తెలియక గెలిచిన కప్పు

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కప్పు ఉండేది. జానెడు ఎత్తు, ప్లాస్టిక్ మీద బంగారు రంగు, అడుగున "స్టాక్ ఎస్‌యూవీ - ఫస్ట్" అని అతికించిన కాగితం. హవేలిఘనపూర్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ముందు దాన్నే చూపించేది. "మావోడు కార్ల పందెంల గెలిచిండు" అనేది. పందెం కాదమ్మా, ఆటోక్రాస్ అంటే, "గదే గదా" అనేది.

అది పూర్తిగా 'గదే' కాదు. మైదానంలో ఎర్ర కోన్లు పెట్టి వంకర దారి గీస్తారు. ఒక్కో కారు ఒంటరిగా పోతుంది, పక్కన ఇంకో కారు ఉండదు. పోటీ గడియారంతోనే. కోన్‌ని తాకితే టైముకి కొన్ని సెకన్లు కలుపుతారు. చాలావరకు రెండో గేరులోనే అయిపోతుంది. అందుకే ఉద్యోగం చేసుకుంటూ, ఈఎంఐలు కట్టుకుంటూ, రోజూ ఆఫీసుకి పోయే కారుతోనే ఆడగలిగే మోటార్ స్పోర్ట్ ఇది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తుతుంటే నేను కంచె ఇవతల నిలబడి చూశాను. ఆ కార్లలో కూర్చునే యోగం ఈ జన్మకి లేదు. ఆటోక్రాస్‌కి హెల్మెట్ ఉంటే చాలు, ఎంట్రీ ఫీజు కట్టి లైన్లో నిలబడొచ్చు.

నా కారు పాత డస్టర్ ఏడబ్ల్యూడీ. నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే కార్లు మన దగ్గర ఎక్కువగా డబ్బున్నోళ్లవే. 2014లో వచ్చిన ఈ డీజిల్ డస్టర్ మధ్యతరగతికి అందిన కొద్దివాటిలో ఒకటి. 2020లో బీఎస్-6 నియమాలు వచ్చాక ఆ డీజిల్ ఇంజిన్ ఆగిపోయింది. ఇప్పుడు కావాలంటే సెకండ్ హ్యాండే. నేను హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర కొన్నాను.

శని, ఆదివారాలు ఊరికి పోయి, మా పాత కోళ్ల షెడ్డులో దాన్ని తయారు చేశాను. మెదక్ నుంచి మెకానిక్ అన్న వచ్చేవాడు. ఏడబ్ల్యూడీతో వచ్చిన మొదటి చిక్కు టైర్లు. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి ఉంటే చుట్టుకొలత తేడా వస్తుంది. ముందూ వెనకా చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే మధ్యలో వాటిని కలిపే క్లచ్ పాపం ఊరికే వేడెక్కుతుంది. కాబట్టి మార్చితే నాలుగూ మార్చాలి. జేబుకి అదే పెద్ద దెబ్బ. బ్రేక్ ఆయిల్ మార్చాం. అది తేమ పీల్చుకున్నాక తక్కువ వేడికే మరిగిపోతుంది, పెడల్ మెత్తబడుతుంది. ఎయిర్ ఫిల్టర్‌లో సగం ఊరి దుమ్ము దొరికింది. మ్యాట్లు, జాకీ, సీటు కింద దొర్లే నీళ్ల సీసా, డాష్‌బోర్డు మీద అమ్మ పెట్టిన చిన్న వినాయకుడు, అన్నీ బయటికి. ఊడి బ్రేక్ పెడల్ కింద పడేది దేవుడైనా సరే ప్రమాదమే. చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించాం. ఇవన్నీ స్టాక్ క్లాసులో చేసుకోనిచ్చే పనులే. ఇంజిన్ జోలికి మాత్రం పోకూడదు.

ప్రాక్టీసు మా బీడు భూమిలో. కోన్లు కొనడం దండగని యూరియా సంచుల్లో ఇసుక నింపి పెట్టాను. అక్కడ నేర్చుకున్నది ఏమిటంటే, ఏడబ్ల్యూడీ గురించి మనం అనుకునేవి చాలావరకు గాలి కబుర్లే. మొదలైనప్పుడు, మలుపులోంచి బయటపడేటప్పుడు అది లాగుతుంది, నిజమే. ఆపేటప్పుడు ఏ సాయమూ చేయదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. పైగా లాక్ మోడ్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగి కారు తిప్పబోతే, వెనక చక్రాలని మనం ఆగమంటుంటే ముందు చక్రాలు తిరగమంటుంటాయి. అందుకని అలాంటి మలుపులున్న దారికి నాబ్‌ని టూ వీల్‌కి తిప్పుకుని పోవాలి. నాయిన షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కేవాడు. "గింత తిరిగి మల్ల ఈడికే వస్తివి గదరా" అనేవాడు.

ఈ మాట మీద ఒక పుస్తకమే ఉంది. బెర్నార్డ్ స్యూట్స్ అనే తత్వవేత్త 1978లో 'ది గ్రాస్‌హాపర్' రాశాడు. అక్కర్లేని అడ్డంకులని మనకి మనంగా ఒప్పుకుని, వాటిని దాటడానికి చేసే ప్రయత్నమే ఆట అంటాడాయన. అవతలికి చేరడమే కావాలంటే సంచుల పక్క నుంచి నేరుగా పోవచ్చు. వంకరగా పోతానని ఒప్పుకున్నాను కాబట్టే అది ఆట. ఆ ఒప్పందాన్ని తప్పినవాడు ఓడిపోవడం కాదు, అసలు ఆడనట్టే. ఇది చదివినప్పుడు నాకు తెగ నచ్చింది. తర్వాత ఇదే నా మెడకి చుట్టుకుంది.

పోటీ రోజు పొద్దున్నే వాన. మొరం మైదానం జారుడుబండ అయింది. నా క్లాసులో ఐదుగురం. నాకు గట్టి పోటీ ఇచ్చింది నర్సాపూర్ నుంచి వచ్చిన కుర్రాడు, వాళ్ల నాయిన బ్రెజాలో. ముందు చక్రాల కారు, మొదట్లోనే గిర్రున తిరిగి బురద చిమ్మేది. అయినా మలుపుల్లో భలే నడిపాడు. నాకంటే బాగా నడిపాడని అప్పుడే తెలుసు, ఒప్పుకోలేదంతే. 0.7 సెకన్లతో నేను గెలిచాను.

రెండు వారాల తర్వాత, గట్టిగా తొక్కితే నల్ల పొగ వస్తోందని కారుని హైదరాబాద్‌లో తెలిసినతని దగ్గరికి తీసుకెళ్లాను. ఇంజిన్ కంప్యూటర్‌లో ఉన్న ఫైల్‌ని కంపెనీ ఫైల్ పక్కన పెట్టి చూపించాడు. డీజిల్ కొలత, టర్బో ఒత్తిడి, అంకెలన్నీ మారి ఉన్నాయి. "రీమ్యాప్ ఎక్కడ చేయించారు సార్?" అన్నాడు. నేను చేయించలేదు. పాత ఓనర్‌కి ఫోన్ చేశాను. "అవును, చేయించిన. మీకు చెప్పలేదా?" అన్నాడు, కారుతో పాటు సీటు కవర్లు కూడా ఇచ్చిన సంగతి గుర్తుచేసినంత తేలిగ్గా.

ఆ రాత్రి నా బుర్రలో మొదట తిరిగింది 1995 నాటి టొయోటా సంగతి. ప్రపంచ ర్యాలీ పోటీల్లో సెలికా కారు, అదీ నాలుగు చక్రాల డ్రైవే. టర్బోలోకి గాలి 34 మిల్లీమీటర్ల రంధ్రం దాటే పోవాలని నియమం. వాళ్ల ఇంజనీర్లు ఏం చేశారంటే, గొట్టం క్లిప్ బిగిస్తే లోపలి భాగం జరిగి పక్కనుంచి దొంగగాలి పోయేలా, తనిఖీకి గొట్టం విప్పితే స్ప్రింగులు దాన్ని మళ్లీ సక్రమంగా కూర్చోబెట్టేలా చేశారు. విప్పి చూసినంతసేపూ నిజాయితీగా కనిపించే యంత్రమన్నమాట. కాటలూన్యా ర్యాలీలో దొరికారు. ఏడాది నిషేధం పడింది. అప్పటి ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ ఆ తెలివికి అబ్బురపడ్డాడు కూడా. నా కారుదీ ఇంచుమించు అదే లక్షణం. ఇంజిన్ మొత్తం ఊడదీసి టార్పాలిన్ మీద పరిచినా ఏ తప్పూ దొరకదు. అంకెలు కంటికి కనిపించవు కదా.

కానీ వాళ్లు తెలిసి చేశారు. నాకు తెలియదు. తెలియక చేసింది మోసం ఎట్లా అవుతుంది? దీన్ని పట్టుకుని రెండు రోజులు వేలాడాను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్‌కి పదహారేళ్లు. జలుబు చేస్తే టీమ్ డాక్టర్ మాత్ర ఇచ్చాడు, అందులో నిషేధించిన మందు ఉంది. ఆల్‌రౌండ్ బంగారు పతకం తీసేసుకున్నారు. ఆ పిల్ల తప్పేమీ లేదని అందరూ ఒప్పుకున్నారు, పతకం మాత్రం వెనక్కి ఇవ్వలేదు. ఇదేం న్యాయమని అప్పట్లో చాలామందికి కడుపు మండింది, నాకు ఇప్పటికీ కొంచెం మండుతుంది. అయితే ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. తప్పు ఎవరిది అనేది ఒకటి, ఆ ఫలితం నిలుస్తుందా అనేది ఇంకోటి. మొదటిదానికి జవాబు 'నాది కాదు' అని తేలినంత మాత్రాన రెండోది దానంతటదే తేలిపోదు. నేను రెండు రోజులూ మొదటిదానికి జవాబు చెప్పుకుంటూ రెండోదాన్నుంచి తప్పించుకున్నాను.

ఇంకో వాదన కూడా చేసుకున్నాను, ఇది కాస్త గట్టిది. వానలో నన్ను గెలిపించింది రీమ్యాప్ కాదేమో. బురదలో అదనపు బలం ఉన్నా చక్రాలు తిరగడానికే తప్ప పనికిరాదు. గెలిపించింది ఏడబ్ల్యూడీయే అయ్యుండాలి. అది నియమాల ప్రకారం సక్రమం. ఆ కుర్రాడి దగ్గర లేనిదీ, నేను డబ్బు పెట్టి కొనుక్కున్నదీ సక్రమం; బహుశా పెద్దగా పనికిరాని నాలుగు అంకెలు అక్రమం. ఇందులో నీతి ఏముంది? ఆమాటకొస్తే ఏడబ్ల్యూడీ కూడా అన్నిచోట్లా సక్రమం కాదు. 1996లో ఫ్రాంక్ బియెలా ఆడి ఏ4 క్వాట్రోతో బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్ అయ్యాడు. ఆ కారుకి అదనపు బరువు మోయించారు, 1998 నుంచి ఆ పోటీల్లో నాలుగు చక్రాల డ్రైవ్‌నే వద్దన్నారు. గీత ఎక్కడ గీయాలన్నది ఎవరో కూర్చుని తేల్చుకున్న సంగతి. ఈ వాదనకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. గదాయుద్ధంలో భీముడు తొడ మీద కొట్టినప్పుడు కృష్ణుడు ప్రతిజ్ఞల చిట్టా, పాత అన్యాయాల చిట్టా విప్పాడు. అవన్నీ నిజాలే. బలరాముడు నాగలెత్తింది మాత్రం ఒక్క చిన్న విషయానికి, నాభి కింద కొట్టకూడదు కదా అని. చిన్నప్పుడు బలరాముడు నాకు ఉత్త ముక్కోపిలా కనిపించేవాడు.

నిర్వాహకులకి ఫోన్ చేశాను. "అయిపోయింది కదన్నా, లైట్ తీస్కో" అన్నారు. వాళ్లని తప్పుబట్టను, ఐదుగురు ఆడిన క్లాసు కోసం ఎవరు ఫలితాలు మళ్లీ రాస్తారు? నాకూ హాయిగా అనిపించింది, దాచడమెందుకు. చెప్పాల్సినవాళ్లకి చెప్పేశాను, వాళ్లే వద్దన్నారు. అక్కడితో వదిలేసేవాణ్నే. ఎందుకో ఆ కుర్రాడి నంబరు తీసుకున్నాను.

అంతా విని ముందు అతనడిగింది, "ఎంత పెరిగిందన్నా పవర్? ఏడ చేపిచ్చిండట?" నాకు నవ్వొచ్చింది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. మళ్లీ తనే అన్నాడు: "నేను టైర్లు మార్చిన అన్నా. నాలుగు. ఈఎంఐల. ఆ ఏడు పాయింట్లు గ్రిప్ కాడనే పోతున్నయనుకున్న. రాత్రి ఆ వీడియో ఎన్నిసార్లు చూసిననో."

అప్పటిదాకా నేను ఆలోచించింది కప్పు గురించి. ఎవరికి చెందుతుంది, ఉంచుకోవచ్చా, ఇచ్చెయ్యాలా అని. అతనికి కప్పు పట్టలేదు. అతను నా టైముని నమ్మాడు. మామూలు డస్టర్‌తో, ఆ వానలో, ఆ దారిలో ఇంత వేగం సాధ్యమేనని బోర్డు మీద నా పేరు పక్కన ఉన్న అంకె చెప్పింది. దాన్ని పట్టుకుని తన చేతుల్లో, కాళ్లలో, కారులో లోపాలు వెతుక్కున్నాడు, అప్పు చేశాడు. కొలత తప్పిన సంగతి తెలిశాక కూడా నేను ఊరుకుంటే, ఆ రోజు నుంచి అది తెలియక చేసింది కాదు. 'తెలియదు' అనే మాట రెండు వారాల పాటే చెల్లింది. టైర్ల డబ్బులు సగం ఇస్తానన్నాను. "టైర్లు యాడికి పోతయన్నా, నడుస్తయి తీ" అన్నాడు.

కంపెనీ ఫైల్ మళ్లీ ఎక్కించుకున్నాను. పొగ పోయింది. కారు కొంచెం బద్ధకంగా తయారైంది, లేదా నాకు అట్లా అనిపిస్తోంది. కప్పు ఎందుకు దింపానో అమ్మకి చెప్పడానికి అరగంట పట్టింది. "నువ్వు చేయలే గదా" అంది. చేయలేదన్నాను. "మరేంది?" అంది.

పోయిన నెల ఒక ఆదివారం అతను బ్రెజా వేసుకుని మా ఊరొచ్చాడు. కప్పు ఇస్తే వెనక సీట్లో పడేశాడు. బీడులో సంచులు సర్దాం. ముందు ఎవరి కారు వాళ్లు నడిపాం, తర్వాత కార్లు మార్చుకుని నడిపాం. ఆ 0.7 సెకన్లలో కారుదెంత, మనిషిదెంత, వానదెంత అన్నది ఆ రోజైనా కొంత తేలుతుందని నా ఆశ. నాయిన స్టాప్‌వాచ్ నొక్కి ప్రతి టైమూ పాత విత్తనాల రసీదు వెనక రాశాడు. చివర్న ఇద్దరం ఆత్రంగా పోయి చూస్తే పన్నెండు అంకెలు వరసగా ఉన్నాయి, ఏది ఎవరిదో లేదు.

"ఎవలదైతేంది, నడిపింది మీరిద్దరే గదా" అన్నాడు.

అమ్మ అన్నానికి పిలిచింది. తినొచ్చి సంచులు మళ్లీ సర్దాం. ఈసారి రసీదు మీద ముందే గీతలు కొట్టి, పేర్లు రాసి నాయిన చేతికిచ్చాను.