వదులుకోవడానికేమీ లేనివారి వానప్రస్థం

ఒళ్లు ముడతలు పడి, జుట్టు నెరిసి, మనవణ్ణి చూశాక గృహస్థు అడవి దారి పట్టాలంటుంది మనుస్మృతి. వదులుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడికి చెప్పిన మాట అది. మరి ఏమీ మిగలనివాడి సంగతి?

శ్రీనాథుణ్ణే చూడండి. ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్న కవి. ఆదరించిన ప్రభువులు పోయాక, ముసలితనంలో బొడ్డుపల్లిలో పొలం గుత్తకు తీసుకున్నాడు. కృష్ణ వరదకు పంట పోయింది. శిస్తు కట్టలేక నడివీధిలో శిక్ష అనుభవించాడు. ఇదంతా ఆయన పేరిట ఉన్న చాటుపద్యాల కథ, శాసనాల సాక్ష్యం కాదు. అయినా గమనించండి: ఆ పద్యాల్లోని వృద్ధుడు వైరాగ్యం నటించడు. అవమానాన్ని దాచడు. పోయేముందు కూడా స్వర్గంలోని కవులను హడలెత్తిస్తానంటాడు!

లేమిని వైరాగ్యమని పొగడటం కడుపు నిండినవారికి తేలిక. త్యాగానికి ఎంపిక ఉండాలి. పేద ముసలివారికి అది ఉండదు.

60 నుంచి 79 ఏళ్ల పేదల వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000 చేతికందుతోంది, అదీ ఇంటి గుమ్మంలోనే. అందులో ముందు బీపీ మాత్రలు, బియ్యం, కిరాణా బాకీ. గుడి హుండీలో వేసే పదో పరకో ఆ తర్వాతే.