ఎవరి యమాతో?

మా టీంలో టెస్ట్ సర్వర్లకి పేర్లు పెట్టే పని ఎందుకో చివరికి నా నెత్తినే పడింది. నాకు ముందు ఆ పని చూసినాయన నదుల పేర్లు పెట్టి వెళ్ళాడు: గోదావరి, మంజీర, తుంగభద్ర. నా వంతు వచ్చేసరికి కొత్త సర్వరుకి "యమాతో" అని పెట్టాను. కారణం పెద్దదేం కాదు, హాస్టల్లో ఉన్నప్పుడు చూసిన ఒక పాత యానిమే మీద ప్రేమ. "యముడితో పరాచికాలా?" అన్నాడు పక్క సీటువాడు. నవ్వుకున్నాం.

నెల తిరక్కముందే ఒక కాల్‌లో క్లయింటు వైపు నుంచి ఒకావిడ ఆ పేరు ఎవరు పెట్టారని అడిగారు. నేనేనని కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ నవ్వి, "మాది ఒకినావా. మా అమ్మమ్మ ఆ మాటని జపాన్ వాళ్ళు అనడానికి వాడేది," అన్నారు. మీరూ జపాన్ వాళ్ళే కదా అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అదృష్టం బాగుండి మింగేశాను. తర్వాత మీటింగు మామూలుగా సాగిపోయింది గానీ, నాకు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయినట్టుంది.

యమాతో మొదట ఒక ప్రాంతం పేరు, ఇప్పటి నారా చుట్టుపక్కల నేల. అక్కడి రాజుల అధికారం పెరిగే కొద్దీ పేరూ పెరిగి దేశమంతటికీ పేరైంది. చైనా వాళ్ళు ఆ దేశాన్ని 'వా' అనేవాళ్ళు, దానికి వాడిన అక్షరం అంత గౌరవమైంది కాదు. ఎనిమిదో శతాబ్దంలో జపాన్ వాళ్ళు దాని స్థానంలో అదే ఉచ్చారణ ఉన్న 'సామరస్యం' అనే అక్షరాన్ని తెచ్చుకుని, ముందు 'మహా' చేర్చారు. రాత మహా సామరస్యం, చదవడం మాత్రం పాత యమాతోనే. అదే రాతని 'దైవా' అని కూడా చదువుతారు. దైవా సెక్యూరిటీస్, దైవా హౌస్ పేర్లలో ఉన్నది ఆ రెండక్షరాలే.

ఇక్కడిదాకా ముచ్చటగానే ఉంది. 'యమాతో దమాషీ', అంటే యమాతో ఆత్మ, అన్న మాట పదకొండో శతాబ్దపు 'గెంజి కథ'లోనే కనిపిస్తుంది. కొడుకు చదువు గురించి గెంజి మాట్లాడే చోట అది. చైనా శాస్త్రాల పునాది ఉంటేనే ఈ యమాతో ఆత్మ లోకంలో రాణిస్తుందన్న ధోరణిలో వస్తుంది. అక్కడ దాని అర్థం ఇంచుమించు మనం లోకజ్ఞానం అనేదే. పుస్తకాల చదువుకి జోడీగా ఉండాల్సిన తెలివిడి. రాసింది ఒక స్త్రీ, మురసాకి షికిబు. అదే మాట 1940ల్లో చావడానికి సిద్ధపడటం అయింది. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లో మొదటి కమికాజె దళాలకి నాలుగు పేర్లు పెట్టారు: షికిషిమా, యమాతో, అసాహి, యమజకురా. నాలుగూ మోటోరి నోరినాగా అనే పద్దెనిమిదో శతాబ్దపు పండితుడి పద్యంలోంచి తీసినవి. ఆయన రాసింది ఉదయపు ఎండలో అడవి చెర్రీ పూల గురించి.

ఇక ఓడ. 1941 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 46 సెంటీమీటర్ల ఫిరంగులతో. అంతకు మించిన యుద్ధనౌక ప్రపంచంలో లేదు. 1945 ఏప్రిల్ 7న అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి. సుమారు 3,300 మంది సిబ్బందిలో మూడొందల మంది కూడా బతకలేదు. బతికినవాళ్ళలో ఒకడు, యోషిదా మిత్సురు, రాసిన పుస్తకం పూర్తిగా అచ్చవడానికి అమెరికా సెన్సారు పోయిన 1952 దాకా ఆగాల్సొచ్చింది.

1974లో ఆ ఓడ టీవీలోకి తిరిగొచ్చింది. 2199లో, ఎండిపోయిన సముద్రం అడుగున ఉన్న శిథిలంలోంచి అంతరిక్షనౌకై లేచి, రేడియేషన్‌తో చస్తున్న భూమిని కాపాడ్డానికి బయల్దేరింది. నేను హాస్టల్లో చూసింది ఇదే. 1979లో అమెరికాలో 'స్టార్ బ్లేజర్స్' అని వేసినప్పుడు ఓడకి ఆర్గో అని పేరు మార్చారు. ఆ పిల్లలకి ఓడ దక్కింది, పేరు దక్కలేదు. నాకు రెండూ దక్కాయి, చరిత్ర తప్ప.

మరోవైపు యమాతో అంటే ఒక కొరియర్ కంపెనీ. 1919లో నాలుగు లారీలతో మొదలైంది. 1976లో ఇంటింటి పార్సిల్ సర్వీసు పెట్టినప్పుడు మొదటిరోజు వచ్చినవి పదకొండే పార్సిళ్ళు. ఇప్పుడు నోట్లో పిల్లని కరుచుకున్న నల్లపిల్లి బొమ్మ జపాన్‌లో ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. యమాతో ఒక ఊరు కూడా, కనగవాలో. ఐబీఎం థింక్‌ప్యాడ్‌కి పురుడు పోసిన ల్యాబ్ అక్కడే ఉండేది. తర్వాత లెనోవో దాన్ని యోకొహామాకి మార్చినా యమాతో ల్యాబ్ అనే అంటున్నారు. ఇది టైప్ చేస్తున్నది థింక్‌ప్యాడ్ మీదే. టోక్యో దగ్గర ఇంకో యమాతో 1970లో నగర హోదా పొందినప్పుడు, ఆ పేరుతో కనగవాలో అప్పటికే ఒక నగరం ఉందని ముందు 'హిగాషి', అంటే తూర్పు, తగిలించుకుంది. నేమ్‌స్పేస్ గొడవని ఇంత శుభ్రంగా తీర్చినవాళ్ళకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

వృత్తిరీత్యా నా మొదటి సమాధానం ఇదే. పేరు ఒక చీటీ. ఒకే చీటీ రెండు డబ్బాల మీద ఉంటే డబ్బాలు ఒకటి కావు. కొరియర్ పిల్లి ఫిరంగులకి ఎందుకు జవాబు చెప్పాలి? అది ఓడకంటే ఇరవై రెండేళ్ళు పెద్దది కూడా. మన స్వస్తిక గురించి విదేశీ స్నేహితులకి మనం చెప్పేదీ ఇదే కదా, మాది ముందు అని.

నిజమే, కానీ మాది ముందు అన్న వాదన మాట్లాడేవాడి తప్పు లేదని చెప్తుందే గానీ వినేవాడి చెవిని మార్చదు. కోడ్‌లో నేమ్‌స్పేస్‌లు గీసుకోవచ్చు. మనిషి బుర్రలో ఉన్నది ఒక్కటే, అందులో అన్నీ గ్లోబల్ వేరియబుల్సే.

ఒకినావా 1879 దాకా ర్యూక్యూ అనే రాజ్యం. ఆ ఏడు జపాన్ దాన్ని కలిపేసుకుంది. అక్కడివాళ్ళు తమని తాము ఉచినాంచు అనుకుంటారు, జపాన్ ప్రధాన ద్వీపాలవాళ్ళని యమతుంచు అంటారు. బళ్ళో సొంత భాష మాట్లాడిన పిల్లల మెళ్ళో 'యాస పలక' వేలాడదీసేవాళ్ళు. (తెలుగు మాట్లాడినందుకు ఫైను కట్టిన కాన్వెంటు పిల్లలకి ఇది వివరించక్కర్లేదు.) 1945లో అక్కడి జపాన్ సైన్యం ఇంకా ముందుకెళ్ళి, ఒకినావా భాషలో మాట్లాడేవాళ్ళని గూఢచారులుగా చూసి శిక్షిస్తామంది. ఆ యుద్ధంలో ద్వీపవాసుల్లో దాదాపు నాలుగో వంతు పోయారని అంచనా.

యమాతో ఓడ మునిగిపోయిన రోజు వెళ్తున్నది ఆ ఒకినావాకే. ఈ సంగతి నాకు ముందూ తెలుసు, వికీపీడియా స్థాయిలో. కానీ ఆ నౌక పేరు అక్కడి ముసలమ్మ నోట్లో 'పైవాళ్ళు' అన్న అర్థం ఇస్తుందని తెలిశాక ఆ ప్రయాణం నాకు వేరేగా కనిపిస్తోంది. మహా సామరస్యం అన్న రాత గెలిచి కలుపుకున్నవాడికి చక్కగా కుదురుతుంది. కలపబడ్డవాడికి అది ఒక ఊరి పేరూ కాదు, ఓడ పేరూ కాదు, అవతలివాడి పేరు. అందుకే పేరు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నాకిప్పుడు అంత ముఖ్యమనిపించడం లేదు. ఆ పేరు మొయ్యమని ఎవర్ని బలవంతపెట్టారన్నది అంతకంటే ముందు అడగాల్సింది. ఈ లెక్కన కొరియర్ పిల్లి నిర్దోషే. యానిమే విషయంలో అంత గట్టిగా చెప్పలేను. అది ఓడని లేపింది, ఓడ ఎక్కడికి వెళ్తూ మునిగిందో దాన్ని మాత్రం సముద్రం అడుగునే వదిలేసింది. అయినా ఇప్పటికీ మొదటి ఎపిసోడ్ పెడితే నేను కదల్లేను.

వారం తర్వాత ఆవిడకి చాట్‌లో రాశాను, సర్వరు పేరు మార్చమంటారా అని. "వద్దు, స్క్రిప్టులన్నీ ఆగిపోతాయి," అని జవాబొచ్చింది, ఒక నవ్వు బొమ్మతో. అది మర్యాదో, నిజంగా పట్టించుకోకపోవడమో తెలీదు. మళ్ళీ అడిగితే నా మనశ్శాంతి కోసం ఆవిడతో పని చేయించుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

యమాతో ఇంకా నడుస్తోంది. దాని తర్వాత వచ్చిన సర్వరుకి బుద్ధిగా నదుల్లోకే వెళ్ళి మానేరు అని పెట్టాను. మిడ్ మానేరు కింద ఊళ్ళు మునిగినవాళ్ళెవరూ మా కాల్స్‌లో లేరనే అనుకుంటున్నాను.