చాలు అన్న మాట

"నాకిది చాలమ్మా" అంది మా అమ్మాయి.

ఈ మాట విని పొంగిపోని తల్లి ఉంటుందా, మీరే చెప్పండి! నేనూ పొంగిపోయాను. అలా పొంగిపోయినందుకు తర్వాత నాలుగు రోజులు నాలో నేనే సిగ్గుపడ్డాను. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

ఇదేదో నగ గురించో, చీర గురించో అనుకునేరు. కాదు. కంప్యూటరు లోపల ఉండే మదర్‌బోర్డు గురించి. బి.ఏ. చదివిన దానికి ఆ గొడవెందుకంటారా? పిల్లలున్న ఇంట్లో ఎప్పుడు దేని గురించి తెలుసుకోవాల్సి వస్తుందో ఎవరు చెప్పగలరు! పేరు చూసి ముచ్చటపడి అడిగితే మా అమ్మాయే చెప్పింది. అదొక పలక. పెద్దదైతే అడుగు పొడవుంటుంది. లెక్కలు చేసే ప్రాసెసరు, గుర్తు పెట్టుకునే మెమొరీ, బొమ్మలు చూపించే కార్డు, అన్నీ దాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. తను మాత్రం లెక్కలు చెయ్యదు. పన్నెండు వోల్టుల కరెంటు వస్తే, ఒక వోల్టుకు కాస్త పైన మాత్రమే తట్టుకునే ప్రాసెసరుకి దాన్ని తగ్గించి, కొలిచి ఇస్తుంది. ఒకళ్ళ కబురు ఇంకొకళ్ళకి చేరుస్తుంది. దానికి తల్లి పేరు ఊరికే పెట్టలేదు అనుకున్నాను.

2023లో మా అబ్బాయి ఇంజనీరింగులో ఉండగా కంప్యూటరు కావాలన్నాడు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకి వెళ్ళి విడిభాగాలు కొని బిగించుకొచ్చాడు. మదర్‌బోర్డు మామూలుది పదిహేను వేలకే వస్తుందట. ఖరీదైనది ముప్ఫై అయిదు వేలు. "కొనేది కొంటున్నాం, మంచిదే తీసుకోరా" అన్నారు మావారు. వాడు అడగకముందే అన్నారు. మరుసటేడు మా అమ్మాయి వంతు వచ్చింది. ఆర్కిటెక్చరు చదువుతోంది. ఇళ్ళ నమూనాలు గీయడానికి తనకీ కంప్యూటరు కావాలి. ధరలన్నీ నీటుగా రాసి తెచ్చిన కాగితంలో మామూలు బోర్డే ఉంది. మెమొరీ కూడా పదహారు జీబీయే. "నాకిది చాలు" అంది. మావారు మురిసిపోయి, "చూశావా, ఆడపిల్లకున్న వివేకం వీడికి లేదు" అన్నారు. నేనూ ఆ రోజు ఫోన్లో ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను.

ఆ మాటకొస్తే మామూలు బోర్డు తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఏ.ఎం.డి. వాళ్ళు 2022లో బి650 అనీ, ఎక్స్670 అనీ రెండు తరగతులు తెచ్చారు. పెద్ద తరగతిలో ఉన్న సహాయక చిప్పు వేరే జాతిదేమీ కాదు. చిన్నదాంట్లో ఒకటి ఉంటే పెద్దదాంట్లో అదే చిప్పు రెండు, ఒకదాని వెనక ఒకటి తగిలించి ఉంటాయి. అంచేత డిస్కులూ అవీ తగిలించుకునే చోట్లు పెరుగుతాయి. ఖరీదైన బోర్డుల్లో కరెంటు కొలిచిచ్చే భాగాలు కూడా ఎక్కువుంటాయి, వాటి వేడి లాగడానికి మందపాటి లోహపు దిమ్మలుంటాయి. ప్రాసెసరు మాత్రం రెంటిలోనూ అదే. అది కూర్చునే పీటా అదే. రోజూ చేసుకునే పనిలో వేగం తేడా కంటికి ఆనదు. మా అబ్బాయి బోర్డులో నాలుగు డిస్కులకు చోటుంటే వాడు పెట్టింది ఒక్కటే. మూడూ ఖాళీ!

కాబట్టి అమ్మాయి చేసింది తెలివైన పనే. అంతవరకూ బాగానే ఉంది.

ఓ రోజు తన బల్ల సర్దుతుంటే డ్రాయింగు కాగితాల మధ్య ఇంకో చీటీ దొరికింది. అదే దుకాణం, అవే వస్తువులు. బోర్డు ఆ మామూలుదే. కానీ మెమొరీ దగ్గర మొదట ముప్ఫై రెండు అని రాసి, కొట్టేసి, పదహారు అని దిద్దింది. అంటే మాకు చూపించింది రెండో చీటీ అన్నమాట!

"ఎందుకు కొట్టేశావే?" అన్నాను.

"నాన్న ఎలాగూ తగ్గించమంటారుగా. ఆయన అనేలోపు నేనే అనేస్తే పోలా!" అంది, గీస్తున్న గీత మీంచి చూపు తిప్పకుండానే. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. రేపు వాన వస్తుంది, గొడుగు పట్టుకెళ్తాను అన్నట్టుగా అంది. నాకు మనసు చివుక్కుమన్నది అక్కడే.

బోర్డు చాలు అన్న మాట నిజం. మెమొరీ చాలు అన్న మాట అబద్ధం. రెండూ ఒకే గొంతుతో, ఒకే నవ్వుతో చెప్పింది. కన్నతల్లిని, నవలలు రాసి పాత్రల మనసులు విప్పి చూపిస్తానని చెప్పుకునేదాన్ని, తేడా కనిపెట్టలేకపోయాను. కనిపెట్టాలని కూడా అనుకోలేదు. వినడానికి హాయిగా ఉన్న మాటని ఎవరు తరచి చూస్తారు?

మన భాష ఎంత గడుసుదో చూడండి. ఏకాదశినాడు తినకపోతే ఉపవాసం అంటాం. గింజలు లేక తినకపోతే పస్తు అంటాం. కడుపుకి రెండూ ఒకటే, మనిషికి మాత్రం కాదు. 1998లో నోబెల్ బహుమతి అందుకున్న అమర్త్యసేన్ గారు ఈ తేడా మీద గట్టిగానే వాదించారు. ఆకలితో మాడేవాడికి లేనిదీ, ఉపవాసం ఉన్నవాడికి ఉన్నదీ ఒకటే: తినగలిగి ఉండటం. ఎప్పుడూ లేమిలోనే ఉన్నవాళ్ళు దొరికేదాన్ని బట్టి కోరికల్ని కూడా కత్తిరించుకుంటారనీ, అందుకని 'తృప్తిగా ఉన్నావా' అని అడిగి వాళ్ళ బతుకు కొలవకూడదనీ కూడా ఆయన అన్నారు. అన్నం విషయంలో రెండు మాటలు పెట్టుకున్న మనం, తృప్తి విషయంలో మాత్రం ఒక్క 'చాలు'తో సరిపెట్టేసుకున్నాం. ఉపవాసపు చాలు ఏదో, పస్తు చాలు ఏదో పైకి తెలియదు.

పతంజలి యోగసూత్రాల్లో సంతోషాన్ని, అంటే ఉన్నదానితో తృప్తిపడటాన్ని, నియమాల్లో ఒకటిగా చేర్చారు. నియమం అంటే ఎవరికి వారు పెట్టుకునేది. ఒకరి తరఫున ఇంకొకరు ఉపవాసం ఉండొచ్చేమో గానీ, ఒకరి తరఫున ఇంకొకరు తృప్తిపడటం ఎలా కుదురుతుంది? మన ఇళ్ళల్లో జరిగేది అదే. మగపిల్లాడి కోరికకి ఆడపిల్ల తృప్తిని చెల్లువేస్తాం. పైగా దానికి వివేకం అని పేరు పెడతాం.

ఇక్కడ మళ్ళీ కంప్యూటరు సంగతే ఒకటి చెప్పాలి. 1991లో ఇంటెల్ వాళ్ళు 486 ఎస్ఎక్స్ అని చవక ప్రాసెసరు ఒకటి అమ్మారు. మొదట్లో వచ్చిన వాటి లోపల దశాంశాల లెక్కలు చేసే భాగం ఉన్నా, దాన్ని పని చెయ్యకుండా ఆపేసి అమ్మేవారు. ఆ లెక్కలు కావాలంటే పక్కన 487 అని ఇంకోటి కొనుక్కోవాలి. తీరా చూస్తే ఆ 487 అచ్చంగా పూర్తి 486యే! దాన్ని బిగించగానే పాతదాన్ని పక్కకి నెట్టి పనంతా తనే చేసేది. అప్పటికి చిన్న ప్రాసెసరు కొన్నవాళ్ళెవరికీ తమ దాంట్లో ఏం ఆగిపోయి ఉందో పైకి కనిపించదు. అది చదివినప్పుడు నాకు చిప్పులు కాదు, మనుషులు గుర్తొచ్చారు. తక్కువగా తయారైనది వేరు, తక్కువ చేసి పెట్టినది వేరు.

నేను బి.ఏ. పాసైనప్పుడు, ఇక చాలు నాన్నా అన్నాను. ఎం.ఏ. చదవాలని ఎంత ఉండేదో నాకే తెలుసు. ఆ యేడే అన్నయ్యకి ఫీజు కట్టాలి. మా నాన్న వద్దనలేదు. ఆయన అనేలోపు నేనే అనేశాను. నన్నూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎంత తియ్యగా ఉండేదంటే, అందులో ఏం పోగొట్టుకున్నానో చాలా ఏళ్ళు గుర్తే రాలేదు. నా కూతురికి ఇది ఎవరు నేర్పారో నేను వేరే వెతుక్కోవాల్సిన పనిలేదు.

అయితే ఇద్దరికీ ముప్ఫై అయిదు వేల బోర్డే కొనిపెట్టాలా అని మీరడగవచ్చు. అక్కర్లేదు. అవసరాలు వేరు, వస్తువులూ వేరవుతాయి. చేతిలో డబ్బు లేకపోతే లేదని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పొచ్చు. అప్పుడు లేమిని కూడా సమానంగా పంచినట్టవుతుంది, అందులో అవమానం లేదు. ఉండి కూడా ఒకరికి అడగకముందే ఇచ్చి, ఇంకొకరు అడగకపోవడాన్ని మెచ్చుకోవడం, అదీ తప్పు. ఆ మాటకొస్తే మా అబ్బాయికీ మేం అన్యాయమే చేశాం. చాలు అనే అవకాశం వాడికెప్పుడూ ఇవ్వలేదు. ఆ ఖాళీగా ఉన్న మూడు చోట్లూ మా పెంపకమే.

మావారితో మాట్లాడాను. కాసేపు విసుక్కున్నారు, కాసేపు మౌనంగా ఉన్నారు. మర్నాడు అబ్బాయికి ఎంతయిందో అంతా లెక్కగట్టి అమ్మాయి చేతిలో పెట్టి, "నీ ఇష్టం వచ్చినట్టు కొనుక్కో" అన్నారు.

అది బోర్డు మార్చలేదు. "ఇది నిజంగానే చాలమ్మా" అంది. మెమొరీ మాత్రం ముప్ఫై రెండు తీసుకుంది. ఇంకా డబ్బు మిగిలింది.

"మిగతాది నా దగ్గరే ఉంచుకోనా?" అని అడిగింది. అడగడంలో ఇంకా కాస్త బెరుకుంది. అది ఒక్కరోజులో పోయేది కాదని నాకు తెలుసు.

ఆ రాత్రి అన్నాల దగ్గర, అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలిన పెరుగు నేను వేసుకుంటుంటే, నీళ్ళ గ్లాసు పెట్టడానికి వచ్చి నిలబడి చూసింది.

"నీకు చాలా అమ్మా?" అంది.

చాలు అనబోయి, ఆగాను.