కుర్చీ వేయుటయే గౌరవమా?

(యెహోషువ 14:6–13, 1 సమూయేలు 4:12–18 చదువుడి)



నర్సీపట్నము చుట్టుపట్ల మన గ్రామ సంఘములలో పూర్వము అందరును చాపల మీదనే కూర్చుండెడివారు. ఇప్పుడు గోడ ప్రక్కన ప్లాస్టిక్ కుర్చీల వరుస యొకటి వెలసినది. అది పెద్దల వరుస. మోకాలు నొప్పి యని ఒక ఆదివారము ఒక అవ్వకు కుర్చీ వేయుదుము. ఆ తరువాత ఆమె మరల చాప మీదికి రాదు. అందరు మోకాళ్లూని ప్రార్థించువేళ ఆమె తల వంచి కూర్చుండును. ఇది ప్రేమతో చేసిన పనియే. దీనిని తప్పనువారెవరు?

మా యింటను ఇట్లే జరిగినది. మా అమ్మ డెబ్బది యేండ్లు దాటినను నూతినుండి నీరు తోడెడిది, పొలము గట్టున నడచి పశువులకు గడ్డి తెచ్చెడిది. ఒకసారి జ్వరము వచ్చి తగ్గిన తరువాత మేము ఆమె చేతిలోని బిందె తీసికొంటిమి. పిమ్మట చీపురు తీసికొంటిమి. “నీవు కూర్చోవమ్మా, చేయుటకు మేము లేమా?” అంటిమి. ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. ఆ మెప్పు మాకు తియ్యగానే యుండెనని ఒప్పుకొనవలెను. ఏడాది తిరుగకముందే ఆమె చేతులూనక మంచము మీదనుండి లేవలేని దాయెను. ఒక రాత్రి పెరటిలోనికి పోవుచు గడప దగ్గర తూలి పడెను. తుంటి యెముక విరిగెను.

తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞను మేము నెరవేర్చితిమా, మీరితిమా? ఈ ప్రశ్న నేటికిని మమ్ము విడువలేదు.

వయస్సు మీరిన కొలది కండ తరుగుట సహజమే. కాని వాడని కండ మరింత త్వరగా తరుగును. అందును ముఖ్యముగా మనలను కూర్చున్నచోటునుండి లేవనెత్తు తొడ కండలు తరుగును. ఇక నిలకడ సంగతి. మనిషి తూలక నిలుచుటకు కన్నులు, చెవి లోపలి భాగము, అరికాళ్ల స్పర్శ, ఈ మూడును కలిసి పనిచేయవలెను. చీకటిలో కన్నుల సాయము పోవును. అరికాళ్లు మొద్దుబారి, కాళ్లలో బలము లేనివారికి అప్పుడు ఆధారమేది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారము ఏటా సుమారు 6,84,000 మంది పడి మరణించుచున్నారు. వారిలో నూటికి 80 మందికి పైగా మనవంటి తక్కువ, మధ్యస్థ ఆదాయపు దేశములవారే.

పోయిన బలము తిరిగి రాదని మనము తలంచుదుము. 1990లో అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు ఒక వృద్ధాశ్రమములోని పదిమందిచేత, 86 మొదలు 96 ఏండ్లవారిచేత, ఎనిమిది వారములు కాళ్లతో బరువులెత్తించి చూచిరి. కడవరకు చేసినవారి కాళ్ల బలము సగటున రెట్టింపునకు మించి పెరిగెను. 2019లో అనేక పరిశోధనలను కలిపి చూచిన పండితులు, అభ్యాసము చేయు వృద్ధులలో పడిపోవుట నాలుగవ వంతు వరకు తగ్గునని తేల్చిరి. 65 ఏండ్లు దాటినవారు వారమునకు మూడు దినములైనను బలమును, నిలకడను పెంచు అభ్యాసములు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను.

దేహసాధన వలని లాభము కొద్దిపాటిదని పౌలు తిమోతికి వ్రాయలేదా యని కొందరడుగుదురు. వ్రాసెను. కొద్దిపాటిదనెను గాని, లేదనలేదు. ఎనుబదియేండ్ల మనిషికి ఆ కొద్దిపాటి లాభమెంత? రాత్రివేళ ఎవరినీ పిలువక పెరటికి పోయి వచ్చుటయంత. అది చిన్న సంగతియని పడుచువారే అందురు.

ఏలీ తొంబదియెనిమిదేండ్ల వయస్సున పీఠము మీదనుండి వెనుకకు పడి మెడ విరిగి చనిపోయెను. కూర్చున్నవారును పడుదురు. ఏలీని నిందించుటకు ఇది చెప్పుటలేదు, ఆయన విన్న వార్త అట్టిది. కాలేబు ఎనుబదియైదేండ్లవాడై కొండ సీమను తనకిమ్మని అడిగెను. మన చింతపల్లి దారిలోని ఘాటీలు చూచినప్పుడెల్లను ఆ ముసలివాని కోరిక మాకు జ్ఞాపకము వచ్చును. యెహోషువ అతనిని “నీవు కూర్చో పెద్దయ్యా” అనలేదు, దీవించి ఆ కొండ నిచ్చెను.

ఇక్కడ ఒక మాట. డెబ్బది యేండ్ల వయస్సునను జీడి తోటలలో కూలికి పోక గడవని అవ్వలు మన సంఘములలోనే కలరు. వారికి వ్యాయామమును గూర్చి బోధించుట క్రూరత్వము. వారికి కావలసినది విశ్రాంతియు, కడుపునిండ అన్నమును. నెత్తిమీది మోపు అరుగగొట్టు శ్రమయే గాని బలమిచ్చు అభ్యాసము కాదు. మేము చెప్పునది పని తీసివేయబడి ఊరక కూర్చుండబెట్టబడిన వారిని గూర్చి.

చేయవలసినది కష్టమైనది కాదు. గోడకానించిన గట్టి కుర్చీలోనుండి చేతులూనకుండ లేచి నెమ్మదిగా కూర్చుండుట, చేతనైనన్ని మారులు. గుమ్మము పట్టుకొని మడమలెత్తి దించుట. అట్లే పట్టుకొని ఒంటికాలిపై కొంతసేపు నిలుచుట. గోడ వెంబడి మడమకు వ్రేళ్లు తగులునట్లు అడుగులు వేయుట. ఈ కడపటి దానిని వైద్యులు నేర్పగా మాకు నవ్వు వచ్చెను, పొలము గట్టుమీది నడకయే గదా యిది! పశువుల గడ్డికని అమ్మ నిత్యము చేసిన దానినే మేము మాన్పించితిమి. గుండె జబ్బు, తల తిరుగుట, క్రొత్తగా శస్త్రచికిత్స గలవారు వైద్యుని అడిగియే మొదలుపెట్టవలెను. ప్రక్కన ఒకరు నిలువవలెను. చోడి అంబలితో పాటు పప్పు, గ్రుడ్డు ఉండవలెను, కండకు అవి ఆహారము.

శస్త్రచికిత్సయైన మరునాడే ఆసుపత్రిలో ఒక యువకుడు వచ్చి అమ్మను లేచి నిలువుమనెను. మాకు కోపము వచ్చినది. ఆమె మాత్రము అతని భుజము పట్టుకొని లేచి, “ఇన్నాళ్లకి నన్ను లెగమన్నోడొకడు దొరికాడురా” అన్నది.

ఇప్పుడు సాయంకాలము ఆమె కుర్చీలోనుండి లేచి కూర్చుండుచుండగా మనుమరాలు లెక్కపెట్టును. ఆ లెక్కలో కొన్ని దొంగవి. బిందె ఇంకను ఇయ్యలేదు గాని చెంబు ఇచ్చితిమి. ఉదయమున దానితో కరివేపాకు మొక్కకు నీరు పోయుచున్నది. గడప దాటునప్పుడు మేము ప్రక్కనే నిలిచి ఊపిరి బిగబట్టి చూచుచుందుము. ఆమె అడిగిననే గాని చేయి అందింపము.