నూల్‌కోల్ ఆకు మీద పురుగు - మన మొదటి శీలం



పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు వేసుకున్న ప్రతి ఉపాసకుడికీ, ఉపాసికకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్రాణహింస చేయబోమని పంచశీలం తీసుకున్నాం. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సకల జీవుల పట్ల దయ చూపుతామనీ మాటిచ్చాం. మరి మొక్కను తినేస్తున్న పురుగును ఏం చేయాలి? చంపితే శీలం తప్పినట్టేనా?

నూల్‌కోల్‌నే తీసుకోండి. ఇది క్యాబేజీ కుటుంబపు మొక్క. మనం గడ్డ అంటాం గానీ, నిజానికి అది నేల పైన ఉబ్బిన కాండం. చల్లదనం కోరే పంట. మదనపల్లె, బెంగళూరు లాంటి ఎత్తు ప్రాంతాల్లో చలికాలం దీనికి బాగా సరిపోతుంది. అక్టోబరులో నారు పోసి, నాలుగు వారాలకు జానెడు దూరంలో నాటితే, మరో నెలా నెలన్నరకి గడ్డ టెన్నిస్ బంతంత అవుతుంది. అప్పుడే కోసెయ్యాలి. ఇంకా ఊరుతుందిలే అని వదిలేస్తే పీచు పడుతుంది. నీళ్ళు నాలుగు రోజులు మానేసి ఒక్కసారే పోస్తే పగులుతుంది. వీటిని మనం చూసుకోవచ్చు. పురుగు మాత్రం మనల్ని అడిగి రాదు. డైమండ్‌బ్యాక్ అనే చిన్న రెక్కల పురుగు ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పచ్చటి పిల్లపురుగులు ఆకు అడుగున చేరి తినేస్తాయి.

వెంటనే మందు కొట్టేద్దాం అనేది ఒక దారి. ఆ మందుకు పేనుబంకను తినే అక్షింతల పురుగూ చస్తుంది, సాలీడూ చస్తుంది. డైమండ్‌బ్యాక్ పురుగేమో 1950ల మొదట్లోనే జావాలో డీడీటీకి లొంగకుండా పోయింది.

ఒక్క పురుగు కూడా చావకూడదు అనేది రెండో దారి. అలాగైతే పలుగు పట్టుకోవడమే కుదరదు, నేల తవ్వితే ఎన్ని ప్రాణాలు పోతాయో! నేల తవ్వొద్దన్న నియమం వినయపిటకంలో భిక్ఖువులకు ఉంది, ఉపాసకులకు లేదు. సుత్తనిపాతంలో కసి భారద్వాజుడనే రైతు ప్రశ్నిస్తే, బుద్ధుడు తన సాధనను సేద్యంతోనే పోల్చి చెప్పాడు.

బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో అహింసను నియమంగా కాదు, సూత్రంగా చూడమన్నారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అన్నారు. నియమమైతే పాటించి ఊరుకోవచ్చు. సూత్రమైతే ప్రతిసారీ ఆలోచించాలి. ఎందుకంటే అవసరం అన్న మాట సాకుగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

కాబట్టి ముందు అవసరమే రాకుండా చూడండి. నాటిన రోజే సన్నటి వల కప్పితే రెక్కల పురుగు గుడ్డు పెట్టలేదు. గుడ్డే లేకపోతే చంపే పనేముంది? చుట్టూ ముందుగా ఆవాలు చల్లితే చాలా పురుగులు అటే పోతాయి. రోజూ పొద్దున్నే ఆకులు తిప్పి చూడండి. ఆకుకు నాలుగు చిల్లులు పడితే గడ్డకేం కాదు, ఆ మాత్రం వాటా పోనివ్వండి. అప్పటికీ చేయి దాటితే 5 శాతం వేపగింజల కషాయం కొట్టండి. అదీ ప్రాణం తీసేదేనని తెలిసి, తప్పనిసరైనంత మేరకే కొట్టండి.

ఇంకో మాట. "నేను శాకాహారిని, చీమకైనా హాని చేయను" అనేవారి కంచంలోకి మచ్చలేని కూరగాయ ఎలా వచ్చిందో అడగండి. ముఖానికి గుడ్డముక్కైనా లేకుండా వీపున ట్యాంకు మోస్తూ మందు కొట్టిన కూలీ ఎవరు? చాలాసార్లు మన వాడ మనిషే. చంపే పని ఒకరి నెత్తిన పెట్టి, శుచి అనే పేరు ఇంకొకరు తీసుకోవడం మనకు కొత్త కాదు. కులం మనకు చేసింది అదే. అందుకే నా చెయ్యి చంపలేదు కదా అనుకోవడంతో మన శీలం పూర్తి కాదు. నా కోసం ఎవరు చంపుతున్నారు, ఆ విషం ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది అని కూడా చూడాలి.

ఈ చలికాలం ఒక సాలు నూల్‌కోల్ వేయండి. ఆకు తిప్పి చూసే పని పిల్లలకు అప్పగించండి. పురుగు కనబడ్డప్పుడు ఏం చేద్దామో వాళ్ళనే అడగండి, కలిసి ఆలోచించండి.

జై భీమ్. నమో బుద్ధాయ.