సంచితం

పెట్రోలు గుడ్డతో తుడిచింది ఒక పోరడు. నెర్రెలు తెచ్చింది నేను. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది.

బేగంపేటలో ఒక హాంగరులో పని నేర్చుకుంటున్న రోజులవి. సెస్నా విమానం పక్క కిటికీ మార్చాలి. చట్రమేమో వంపు, అక్రిలిక్ షీటేమో చదును. ఓవెన్‌లో 150 డిగ్రీలు దాటేదాకా కాచి, అచ్చు మీద వాల్చాలి. పొద్దు పోతోందని షీటు చల్లగా ఉండగానే చేత్తో వంచి స్క్రూలు బిగించాను. ఎండకు అక్రిలిక్ అల్యూమినియం కన్నా మూడింతలు సాగుతుంది, రంధ్రం కాస్త వదులుగా ఉండాలి. అదీ చేయలేదు. కిటికీ మాత్రం తళతళలాడింది. అందరూ మెచ్చుకున్నారు.

కొన్ని నెలలకు ఆ పోరడు నూనె మరక పోవాలని పెట్రోలుతో తుడిచాడు. గాసునూనె అయితే ఏమీ అయ్యేది కాదు. చూస్తుండగానే, చల్లగా వంచినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడి వెంట, వంపు పొడవునా వెంట్రుకల్లాంటి నెర్రెలు మెరిశాయి. "అన్నా, నేను గట్టిగ కూడ రుద్దలే" అన్నాడు. వాణ్ణి పనిలోంచి తీసేశారు. నేను నోరు విప్పలేదు.

పాలికార్బొనేట్ పెట్టొచ్చుగా అంటారు. సుత్తి దెబ్బకు కూడా అది ఓ పట్టాన పగలదు, నిజమే. కానీ గీతలు తొందరగా పడతాయి, అక్రిలిక్‌లా మెరుగుపెట్టి పోగొట్టలేం. పెట్రోలు దాన్నీ తింటుంది. దెబ్బకు ఓర్చుకోవడం వేరు, లోపల ఒత్తిడి లేకపోవడం వేరు.

మా కోటగిరిలో చిన్నప్పుడు పెద్దలు చెప్పగా విన్నాను: కర్మలో పోగుపడి ఉన్న సంచితం జ్ఞానంతో కాలిపోతుంది, ఫలం మొదలైన ప్రారబ్ధం మాత్రం విడిచిన బాణం. అప్పుడది మాటలుగానే మిగిలింది. బలవంతంగా వంచిన షీటును రెండు పోలరైజింగ్ ఫిలింల మధ్య పెట్టి చూసిన రోజున అర్థమైంది. వట్టి కంటికి నీళ్లంత తేటగా ఉన్న షీటులో రంగురంగుల ఒత్తిడి చారలు! ఆ సంచితం నా చేతులు పెట్టిందే.

అయితే చూసినంత మాత్రాన ఆ చారలు పోవు. ఇక్కడే నాకు పెద్దల మాటతో పేచీ. షీటును చట్రంలోంచి విప్పి, 80 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే కొత్త ఒత్తిడి పుడుతుంది. తపస్సు అన్న మాటకు మూలం వేడే కదా; గీత కూడా జ్ఞానాన్ని అగ్ని అనే అంది. ఆ అగ్నిని మనం తెలుసుకోవడం దగ్గరే ఆపేస్తున్నామని నా బాధ. ఇక నెర్రె పడ్డాక ఎంత కాచినా అతకదు. అక్కడ మాత్రం పెద్దలదే నిజం.

ఇప్పుడు కోటగిరిలో అక్రిలిక్ బోర్డులు చేస్తాను. రాత్రి ఓవెన్ ఆపినా తెల్లారేదాకా తలుపు తీయను. ఆ పోరడి ఊరు బోధన్ పక్కనే. వాడికీ ఇప్పుడు తల నెరిసి ఉంటుంది. ఊళ్లో అడిగితే ఇల్లు చూపిస్తారు.