పశ్చాత్తాపం ఎవరికి బాకీ? – ‘అన్‌ఫర్‌గివెన్’ చలనచిత్రం, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుని ఐతిహ్యం: ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

పాపం చేసినవాడు మారగలడా అన్న ప్రశ్నకు సాహిత్యం చాలాకాలంగా మారగలడనే సమాధానమిస్తూ వచ్చింది. దారి దోచిన బోయవాడు ఆదికవి అయ్యాడన్న కథ తెలుగునాట తెలియనివారు అరుదు. అయితే ఆ ప్రశ్న వెనుక మరొక ప్రశ్న ఉంది. మారినవాని పశ్చాత్తాపం ఎవరికి బాకీ? అపకారం ఒకరికి జరిగి పరిహారం మరొకరికి ముడితే ఆ లెక్క తీరినట్లేనా? ఈ ప్రశ్నను రెండు కథనాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది క్లింట్ ఈస్ట్‌వుడ్ 1992లో నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన ‘అన్‌ఫర్‌గివెన్’ చలనచిత్రం. రెండవది పూర్వపు కృష్ణా జిల్లా మెరక ప్రాంతంలోనూ అమరావతి పరిసరాల్లోనూ వినిపించే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుని ఐతిహ్యం. ఈ రెంటికీ ప్రభావ సంబంధం లేదు. ఒకే నైతిక సమస్య రెండు భిన్న సమాజాల్లో ఏ రూపం ధరించిందో చూడటానికే ఈ పోలిక.

మారిన బందిపోటు: చలనచిత్ర సంప్రదాయం

అమెరికా పశ్చిమ ప్రాంత చిత్రాల్లో మారిన బందిపోటు పాత్ర మూకీల కాలం నాటిది. 1916 నాటి ‘హెల్స్ హింజెస్’లో మతబోధకుని సోదరి ప్రభావంతో తుపాకి వీరుడు మారతాడు. 1947 నాటి ‘ఏంజెల్ అండ్ ది బ్యాడ్‌మన్’లో క్వేకర్ మతస్థుల అమ్మాయి ఆ పని చేస్తుంది. ఒక సాధ్వి ప్రేమ, ఒక మనిషి మార్పు, పాత జీవితం ముగింపు అన్నది ఈ కథల చట్రం. అతని చేతిలో నష్టపోయినవారు ఈ చట్రంలో కనిపించరు. తెలుగులో ఈ తరహా చిత్రాలకు బాట వేసిన ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) గుర్రాన్ని, తుపాకిని, నిధి వేటను తెచ్చుకుంది కాని పశ్చాత్తాపం జోలికి పోలేదు.

‘అన్‌ఫర్‌గివెన్’ ఈ చట్రాన్ని స్వీకరించి దాని లోపాన్ని బయటపెడుతుంది. విలియం మన్నీ ఒకప్పుడు స్త్రీలను, పిల్లలను సైతం చంపినవాడు. భార్య క్లాడియా అతని చేత తాగుడు, హింస మాన్పించింది. ఆమె చనిపోయాక ఇద్దరు పిల్లలతో కాన్సాస్‌లో పందులు పెంచుకుంటూ దిగబడిపోయిన స్థితిలో, 1000 డాలర్ల పారితోషికం కోసం మళ్లీ తుపాకి పడతాడు. దారి పొడుగునా తాను మారానని చెబుతూనే ఉంటాడు. అలా చెప్పే ప్రతిసారీ అతడు సాక్షిగా నిలిపేది క్లాడియానే. చంపినవారు అతనికి జ్ఞాపకాల్లోనూ జ్వరపు కలవరింతల్లోనూ ఎదురవుతారు తప్ప, వారి వారసులకు తాను ఏమైనా బాకీ ఉన్నానన్న ఆలోచన అతనికి రాదు. అతని మార్పు నిజమైనదే. కాని అది భార్యకిచ్చిన మాట మాత్రమే. అందుకే మిత్రుడు నెడ్ హత్యకు గురైన వార్త వినగానే సీసా అందుకుంటాడు. ఆ రాత్రే పాత మన్నీ తిరిగి వస్తాడు.

ఈ చిత్రంలో నైతిక కేంద్రం మన్నీ పాత్రలో కంటే ఒక చిన్న ఉపకథలో ఉన్నదనడం సమంజసం. డెలైలా అనే వేశ్య ముఖాన్ని ఒక పశువుల కాపరి కత్తితో కోస్తాడు. తీర్పు చెప్పే షెరీఫ్ నేరస్థులు గుర్రాలు అప్పగించాలంటాడు. అప్పగించవలసింది ఆమెకు కాదు, ఆమెను పనిలో పెట్టుకున్న మద్యశాల యజమానికి. గాయం ఆమెది, పరిహారం ఆయనది. నేరస్థునితో పాటు ఉన్న యువకుడు మాత్రం ఆ గుర్రాలతో పాటు మంచి గుర్రాన్ని ఒకదాన్ని విడిగా ఆమె కోసమే తెస్తాడు. తోటి స్త్రీలు మట్టి విసిరి అతణ్ణి తరిమేస్తారు. వారి కోపం న్యాయమైనదే. అయినా ఆ క్షణంలో డెలైలాను ఎవరూ ఏమీ అడగరు. షెరీఫ్ ఆమె తరఫున తీర్పునిచ్చాడు, స్నేహితురాళ్లు ఆమె తరఫున నిరాకరించారు. క్షమించే హక్కు గాని, క్షమించకుండా ఉండే హక్కు గాని ఆమె చేతికి రాలేదు. క్షమాపణ చెప్పిన ఆ యువకుడే పారితోషికం కోసం వచ్చిన మన్నీ చేతిలో మొదట మరణిస్తాడు.

వెంకటాద్రి నాయుని ఐతిహ్యం

నందిగామ పరగణా దేశ్‌ముఖీతో ఎదిగిన వాసిరెడ్డి వంశంలో 1783లో అధికారానికి వచ్చి 1816లో మరణించిన వెంకటాద్రి నాయుడు ప్రసిద్ధుడు. బేతవోలు అనే గ్రామాన్ని పట్టణంగా పెంచి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. అదే నేటి జగ్గయ్యపేట. మంగళగిరిలో పదకొండు అంతస్తుల తూర్పు గోపురం 1807–09 మధ్య ఆయన కట్టించినదే. దాతగా, నిర్మాతగా ఆయన కీర్తి అపారం.

ఆ కీర్తి పక్కనే మరొక కథ నడుస్తూ వచ్చింది. పల్లెలను దోచుకుంటున్నారన్న అభియోగంపై చెంచులను అణచదలచిన నాయుడు వారిని విందుకు పిలిపించి, వచ్చినవారి తలలు నరికించాడని ఆ కథ. మృతుల సంఖ్య విషయంలో కథనాలు ఏకీభవించవు. నరుకుళ్లపాడు అన్న ఊరిపేరును జనం ఈ సంఘటనతో ముడిపెడతారు. ఆ తరువాత ఆయన భోజనానికి కూర్చుంటే విస్తరిలోని అన్నం పురుగులుగా కనిపించేదని, అమరేశ్వరుని శరణు జొచ్చి సేవ చేశాక ఆ బాధ తీరిందని చెబుతారు.

పాశ్చాత్య కథల చట్రం ఇక్కడ తలక్రిందులవుతుంది. బందిపోట్లన్న పేరు మోసినవారు హతులయ్యారు. పశ్చాత్తాపం చట్టాన్ని చేతిలో ఉంచుకున్న ప్రభువుది. చెంచులలో ఎవరు దోచారు, ఎవరు దోచలేదన్న విచారణ కథలో లేదు. కులమే నేరానికి నిదర్శనమైంది. తరువాతి కాలంలో ఈ దృష్టికే చట్టరూపం లభించింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, పుట్టుకతోనే మనుషులను దొంగల జాబితాలో చేర్చింది. కనుక ఎవరు మారాలి అని అడిగేముందు ఎవరు ఎవరిని దొంగ అన్నారు అని అడగడం అవసరం.

ఈ ఐతిహ్యంలో పరిహారం దేవునికి, ఆలయాలకు చేరింది. చెంచుల బిడ్డలకు చేరిన దాఖలా కథలో లేదు. మద్యశాల యజమానికి చేరిన గుర్రాల ఉపకథ ఇక్కడ స్ఫురించక మానదు. మరొక విషయం చరిత్రకు సంబంధించినది. చింతపల్లి విడిచి అమరావతిని పట్టణంగా తీర్చేటప్పుడు రాళ్ల కోసం, ఇటుకల కోసం దీపాలదిన్నెను తవ్వించారు. అది బౌద్ధ మహాస్తూపమని వారెరుగరు. కాలిన్ మెకంజీ చిత్రాలు గీయించే నాటికి చాలా శిల్పఫలకాలు తరలిపోయాయి. పశ్చాత్తాప నగరమని ఐతిహ్యం చెప్పే ఊరికి పునాదిరాళ్లు మరొక ధర్మపు స్మృతి నుంచి వచ్చాయి. సదుద్దేశం ఒక్కటే పరిహారం కాదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

కావ్య సంప్రదాయం: విముక్తి, పరిహారం

తెలుగు కావ్యాల్లో భ్రష్టుల కథలకు కొదవ లేదు. శ్రీనాథుని గుణనిధి శివరాత్రి నాడు ఆకలితో గుడిలో నైవేద్యం దొంగిలించబోయి మరణించి కైలాసం చేరతాడు. తెనాలి రామకృష్ణుని నిగమశర్మ ఇంట్లోని సొమ్ములు, అక్క నగలతో సహా, మూటగట్టుకుని పారిపోతాడు. క్షేత్ర మహిమ వల్ల అతనికీ సద్గతి కలుగుతుంది. ఇవి భగవత్కృప ఎంత అవ్యాజమో చెప్పే కథలు. వాటి ప్రయోజనం అది. అయినా నిగమశర్మ అక్క నగల మాట ఏమైందని పాఠకుడు అడిగితే కావ్యంలో సమాధానం దొరకదు. కవి ఆమెకు పేరు కూడా పెట్టలేదు. విముక్తి అన్నది పాపికీ దైవానికీ మధ్య వ్యవహారం. పరిహారం మనిషికీ మనిషికీ మధ్య వ్యవహారం. మొదటిది రెండవదాన్ని రద్దు చేయదు.

ఈ భేదాన్ని గుర్తించిన ప్రాచీన కథ బౌద్ధ వాఙ్మయంలోని అంగుళిమాలునిది. జగ్గయ్యపేట ధనబోడుపై 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన స్తూపం ఆ ధర్మం ఈ నేలలో వేళ్లూనిందనడానికి నిదర్శనం. హంతకుడైన అంగుళిమాలుడు భిక్షువు అయ్యాక ప్రసేనజిత్తు రాజు అతనికి అభయమిస్తాడు. బుద్ధుడు సంఘంలో చేర్చుకుంటాడు. అయినా శ్రావస్తిలో భిక్షకు వెళ్లినప్పుడు అతనిపై రాళ్లు, కర్రలు పడతాయి. తల పగిలి, భిక్షాపాత్ర బద్దలై తిరిగి వచ్చినవాణ్ణి బుద్ధుడు ఓర్చుకొమ్మంటాడు. రాళ్లు విసిరినవారిని నిందించడు. రాజు క్షమించాడు కనుక ప్రజలూ క్షమించాలన్న నియమం ఆ కథలో లేదు. అంగుళిమాలుడు ఆ వీధుల్లోకే వెళ్లాడు. అక్కడివారి కోపాన్ని స్వీకరించాడు.

ఒక ఆక్షేపణ

చనిపోయినవారికి పరిహారం ఎలా సాధ్యం? దైవానికి సమర్పించడం తప్ప వేరే దారి ఏది? ఈ ఆక్షేపణ సహేతుకం. హతులకు ఏమీ చేయలేకపోవడం పశ్చాత్తాపంలోని అసలు దుఃఖం. కాని హతులు ఒంటరివారు కారు. వారికి బంధువులు, వంశం, పేరు, జ్ఞాపకం ఉంటాయి. వారిపై పడిన దొంగలన్న ముద్రను తొలగించడం, వారి పేరు చెప్పుకోనివ్వడం కూడా పరిహారమే. దానికి ధనం కంటె వినయం ఎక్కువ కావాలి. ఆ పని చేయని పశ్చాత్తాపం బూటకమని అర్థం కాదు. అసంపూర్ణమని అర్థం.

ఉపసంహారం

‘అన్‌ఫర్‌గివెన్’ మన్నీని క్షమించదు, శిక్షించదు. అతడు శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసి బాగుపడ్డాడని వదంతి ఉన్నట్లు చెప్పి ముగుస్తుంది. లెక్క తేలలేదన్న సంగతి ప్రేక్షకునికి మిగులుతుంది. ఐతిహ్యం మరొక పని చేసింది. విందుకు పిలిచి చంపిన వాని విస్తరిలోనే అన్నం పురుగులైందన్న కల్పనలో నేరానికీ శిక్షకూ సరిగ్గా పొంతన కుదిరింది. ఆతిథ్యం ఏ చోట ద్రోహమైందో ఆ చోటనే బాకీ వసూలుకు వచ్చింది. ప్రభువు పరిహారాన్ని గోపురాల వైపు మళ్లించినా, జనస్మృతి దాన్ని విందు పంక్తికి తిప్పి తెచ్చింది. అమరేశ్వరుడు కరుణించాడని చెప్పిన ఆ కథే నరుకుళ్లపాడు పేరును కూడా చెబుతూ వచ్చింది. జగ్గయ్య పేరు ఒక పట్టణానికి నిలిచింది. హతులైన చెంచులలో ఒక్కరి పేరూ కథలో మిగలలేదు. ఐతిహ్యాన్ని చరిత్ర కాదని పక్కనపెట్టే పరిశోధకుడు ఈ తేడాను గమనించవలసి ఉంది. మారిన మనిషి కథను ఎంతగా మెచ్చుకున్నా, ఆ మార్పు ఎవరి ముందు నిలబడవలసి ఉందో అడగడం మానరాదు.